మూడు పేర్ల నిప్పు

డేగిసా ఇంకా వాకిట్లోనే ఉంది.

తెల్లవారగానే ఆటోలో వచ్చింది. తిరుమలరావు మనుషులు దాన్ని దింపి, మంచినీళ్ళు కూడా అడగకుండా వెళ్ళిపోయారు. మూత మీద తాడు బిగించి కట్టి ఉంది. ఎవరూ విప్పలేదు. విప్పకపోయినా లోపల ఏముందో అందరికీ తెలుసు. నిన్న గజపతినగరంలో, తిరుమలరావు మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో ఈ ఇంటివాళ్ళు కాల్చిన చీకులు. పైన బొగ్గు, లోపల పచ్చి నెత్తురు. కాల్చిన మాంసం కాల్చినవాళ్ళ గుమ్మానికే తిరిగి రావడం ఇంటి పెద్ద అప్పలసూరి నలభై ఏళ్ళ పనిలో ఎన్నడూ లేదు.

"ఎవులో ఒకలు తియ్యండర్రా దాన్ని. కాకులు మూగతన్నాయి," అంది దాలమ్మ వంటింట్లోంచి.

"ఉండనీ అమ్మా," అన్నాడు పెద్దకొడుకు రమేష్‌బాబు. "అనూరాధని లెగనీ. దాని ఫోను సూరి ఎలగ కాల్చినాదో కళ్ళారా సూడనీ."

చిన్నకోడలు అనూరాధ అప్పటికే లేచి ఉంది. తలుపు వెనక నిలబడి అంతా వింటోంది. విజయనగరంలో తను కంప్యూటర్లు చెప్పే కాలేజీకి సెలవు పెట్టింది. ఇంట్లో గొడవ జరుగుతుందని తెలిసినప్పుడు ఇంట్లోనే ఉండటం ఆమెకు అలవాటు. లేనప్పుడు తన గురించి అనుకునే మాటలు, ఉన్నప్పుడు అనే మాటల కన్నా భయంకరంగా ఆమె మనసులో పెరుగుతాయి.

ఆమె వాకిట్లోకి వచ్చి తాడు విప్పింది. మూత తీసింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని విరిచింది. లోపల ఎర్రగా, చల్లగా ఉంది.

"సూసినావా?" అన్నాడు రమేష్‌బాబు.

"చూశాను బావా."

"అదేటి సెప్తే అదే సేసినాను. కట్టి ఎప్పుడు అంటించాలన్నాదో అప్పుడే అంటించినాను. నిప్పు మీద సెయ్యెట్టి పేర్లు సెప్పమన్నాది, సెప్పినాను. ఒక్క పొల్లు తప్పు సెయ్యనేదు. నూటేబై మంది ముందల నా మొహాన పేడ కొట్టినాది నీ ఫోను."

"మావుంటే ఇలగయ్యేదా?" అంది అతని భార్య దుర్గాభవాని. అందులో నింద ఎవరి మీదో ఆమెకే తెలీదు.

అప్పలసూరి ఉన్నాడు. సాలలో నులక మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. రెండు రోజులుగా జ్వరం. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి లేకుండా నిన్న నిప్పు వెలిగింది. ఫోను సూరి ఉందిగదా అన్న ధైర్యంతోనే రమేష్‌బాబు ఒప్పుకున్నాడు.

ఫోను సూరిని తయారుచేసింది అనూరాధ, ఆమె భర్త వినోద్. ఎంతమంది తింటారు, ఏ కాలం, చింత కట్టెలా సరుగుడు కట్టెలా అని అది అడుగుతుంది. చెబితే, ఎన్ని మేకలు కావాలో, గోయి ఎంత పొడుగు తవ్వాలో, కట్టె ఎప్పుడు అంటించాలో, చువ్వలు ఎప్పుడు పరచాలో వరసగా చెబుతుంది. ఆ తెలివి దానిది కాదు. నిప్పు దగ్గర కూర్చుని అప్పలసూరి చెప్పిన మాటలన్నీ రికార్డు చేసి, రాసి, దానికి నేర్పారు. సగం పని అయ్యేసరికి వినోద్ పోయాడు. మిగిలిన సగం అనూరాధ ఒక్కతే చేసింది. చేస్తున్నంతసేపూ పక్కన ఇంకో కుర్చీ ఉన్నట్టుండేది. అంతే.

"గుడి కమిటీ నరసింగరావు పొద్దున్నే ఫోన్ సేసినాడు," అన్నాడు రమేష్‌బాబు. "వచ్చే మంగళారం అమ్మోరి పండక్కి నిప్పు పని మనకివ్వాలా, బొండపల్లోళ్ళకివ్వాలా అని ఊర్లో అనుకుంతన్నారంట. ఇన్నావా? నాన్న బతికుండగానే."

"తప్పు ఎక్కడో కనుక్కుంటాను బావా. దాన్ని సరిచేస్తాను."

"సరి సెయ్యక్కర్నేదు. తీసీ."

"ఏంటి?"

"ఈ సాయంత్రానికి దాన్ని ఫోన్లోంచి తీసీ. నరసింగరావుకి ఆ మాట సెప్పాల. ఇంక యంత్రం నేదు, మా చేతులే అని సెప్పాల."

"బావా, అది ఆయనా నేనూ కలిసి..."

"ఆడి పేరెత్తకు!" రమేష్‌బాబు గొంతు పగిలింది. తరవాత మాట చాలా మెల్లగా వచ్చింది. "రెండు మోపులు తక్కువన్నాది. ఆ రోజు. గుర్తున్నాదా? అదేగదా అన్నాది, కట్టి రెండు మోపులు తక్కువవుతాది అని. దాని మాట ఇనేగదా ఆడు బండేసుకుని ఎళ్ళినాడు."

ఇంతకాలం ఆ మాట ఈ ఇంట్లో ప్రతి గదిలోనూ ఉంది. అందరూ దాన్ని తప్పించుకుని నడిచారు. ఇప్పుడు ఒకరు దాన్ని తీసి వాకిట్లో, ఆ డేగిసా పక్కన పెట్టారు. అనూరాధకి ఆశ్చర్యం వెయ్యలేదు. రోజూ నిద్ర పట్టేముందు తనలో తను అనుకునే మాటే అది. వేరే గొంతులో వినడం మాత్రం ఇదే మొదటిసారి.

వానలో లారీ లైట్లు, మోపుల మీద కప్పిన పట్టా, ఆ పట్టాని మర్నాడు ఎవరో మడతపెట్టి తెచ్చి ఇవ్వడం. ఆమె తల అడ్డంగా ఊపి ఆ బొమ్మని చెదరగొట్టుకుంది.

"సాయంత్రం దాకా టైముంది కదా బావా," అంది. లోపలికి వెళ్ళిపోయింది.

*

గదిలో తలుపు వేసుకుని మంచం మీద కూర్చుంది. ఫోను సూరిని తెరిచి నిన్నటి ప్రణాళిక మొదట్నుంచీ చదివింది. మేకలు సరే. ఉప్పు, పసుపు, పచ్చిబొప్పాయి ముద్ద సరే. గోయి సరే. చివర్న ఇలా ఉంది:

"నిప్పులు బూడిద పట్టాక అరచెయ్యి జానెడు ఎత్తున పెట్టండి. దాలమ్మ, రమేసు, రాజకుమారి అని నింపాదిగా చెప్పండి. చివరిదాకా చెయ్యి నిలిస్తే చువ్వలు పరచండి."

మూడు పేర్లు.

నిప్పుని కొలిచే ఆ పద్ధతి అప్పలసూరికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి తన ఇంటివాళ్ళ పేర్లు చెప్పుకునేవాడు, ఈయన తన ఇంటివాళ్ళవి. భార్య, పిల్లలు. కోడళ్ళ పేర్లు అందులో లేవు. "పేరు పెరిగితే నిప్పు సల్లారిపోతాదే," అనేవాడు. "అవున్లే, మేం నిప్పుకి పనికిరాం, అంట్లకి పనికొస్తాం," అని దుర్గాభవాని మూతి తిప్పేది. అందరూ నవ్వేవారు. వినోద్ ఎక్కువ నవ్వేవాడు.

ఈ మూడు పేర్లు అక్షరాల్లో మొదటిసారి చూసిన రోజు అనూరాధకి గుర్తుంది. దసరా సెలవులు. మావ చెప్పినదాన్ని తనే రికార్డు చేసింది. మాటల్ని అక్షరాలు చేసే యాప్‌లో వేసింది. తెర మీద మూడు పేర్లు, మధ్యలో రెండు కామాలు. కొడుకు పోయిన నెలలోనే, పలకకూడదన్న కట్టుబాటు వంకతో, మావ వినోద్ పేరునే వరసలోంచి తీసేశాడన్నమాట. ఆ ముసలాయన్ని ఆ రోజే మనసులోంచి కాస్త దూరం జరిపింది. పేరు తగ్గితే నిప్పు కొలత తగ్గుతుందన్న ఆలోచన ఆమెకి రానేలేదు. నొప్పి పుట్టినచోట మనిషి లెక్క చూడడు; అక్కణ్ణించి లేచిపోతాడు.

పాత రికార్డులు వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. వినోద్ చేసినవి. వాటిని ఆమె ఇంతవరకు తెరవలేదు. వాటిలో ప్రశ్నలు అడిగేది వినోద్.

చాలాసేపు ఆ ఫోల్డర్ పేరు వైపు చూసింది. తరవాత వేలు పెట్టింది.

నిప్పుల చిటపట. ఎక్కడో దూరంగా డప్పు. తరవాత, చెవిలో నోరు పెట్టి మాట్లాడినంత దగ్గరగా:

"నాన్నా, పేర్లే ఏల? ఒకటీ రెండూ మూడూ అని లెక్కెట్టుకోవచ్చు గదా?"

అనూరాధ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

"అంకెలైతే ఆత్రంగా సెప్పేస్తారొరే," అంది అప్పలసూరి గొంతు. "సెయ్యి కాల్తంటే మరీ ఆత్రం. మన మనిసి పేరు ఎవుడూ ఆత్రంగా సెప్పడు."

వినోద్ నవ్వాడు. "సరే, సెప్పు మరి."

"దాలమ్మా... రమేసూ... వినోదూ... రాజకుమారీ."

నాలుగు. ఆమె మళ్ళీ పెట్టి వింది. గడియారం చూస్తూ వింది. ఒక్కో పేరుకి ఒక్కో ఊపిరి. తరవాత దసరాలో తను చేసిన రికార్డు పెట్టింది. ఈసారి అక్షరాల వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది.

"దాలమ్మా... రమేసూ..."

నిప్పుల చప్పుడు. ఒక ఊపిరి లోపలికి వెళ్ళింది. ఒక ఊపిరి బయటికి వచ్చింది.

"...రాజకుమారీ."

ఆమె కళ్ళు తెరిచింది. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. పేర్లు చెప్పిన నిడివి రెండింట్లోనూ ఒకటే. 

మావ ఆ పేరుని తీసెయ్యలేదు. పేరంత మౌనం అక్కడ పెట్టుకుని, చెయ్యి నిప్పు మీదే ఉంచుకుని, అది పూర్తయ్యేదాకా ఆగాడు. పది నెలలుగా ప్రతి విందులో, ప్రతి గోయి పక్కనా ఆగుతూనే ఉన్నాడు. యాప్‌కి మౌనం వినపడలేదు. అది కామా పెట్టి ముందుకి వెళ్ళిపోయింది. తనకీ వినపడలేదు. అప్పుడు తను పక్కనే కూర్చుని ఉంది.

*

మధ్యాహ్నం భోజనాలు ఎవరూ సరిగ్గా చెయ్యలేదు. అనూరాధ సాలలోకి వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చుంది. రమేష్‌బాబు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"తీసేసినావా?"

"ఒక్కటి అడుగుతాను బావా. నిన్న నువ్వు ఎన్ని పేర్లు చెప్పావు?"

"ఫోన్లో ఎన్నున్నాయో అన్ని. మూడు."

"చిన్నప్పట్నుంచీ మావ చెప్పేవి ఎన్ని?"

రమేష్‌బాబు మొహం మారింది. "నాలుగు," అన్నాడు. కొంచెం ఆగి, "తెలుసు," అన్నాడు. "నాలుగని నాకు తెలుసు. ఆడి పేరు అనకూడదు గదా. ఫోనూ మూడే అన్నాది. మూడే గావాల అనుకున్నాను."

అది ఈ ఇంటి కట్టుబాటు. సంవత్సరం తిరిగేదాకా పోయినవాడి పేరు నిప్పు దగ్గర పలకకూడదు. పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడు, దారి తప్పిపోతాడు. పదోరోజున దాలమ్మే అందరికీ చెప్పింది. ఇంకా రెండు నెలలుంది.

"మూడో పేరుకే చెయ్యి తీసేశావు. నాలుగో పేరుకి నీ చెయ్యి నిలిచేది కాదు బావా. నిప్పు ఇంకా దిగలేదు. అందుకే పైన మాడింది." ఆమె మంచం వైపు తిరిగింది. "మావా. మీరు మధ్యలో ఆగుతున్నారు కదా?"

దుప్పటి లోపల అప్పలసూరి పాదాలు దగ్గరకి ముడుచుకున్నాయి.

"రెండో పేరు తరవాత. ఆగుతున్నారు కదా?"

"ఆగతాను," అన్నాడు. "ఆగక ఏటి సేస్తాను? ఆణ్ణి దాటుకుని కూతురి కాడికెలగ ఎళ్తాను?"

రమేష్‌బాబు గుమ్మం మీద కూలబడ్డాడు. "నాకెందుకు సెప్పనేదు నాన్నా? నా పక్కనే గదా కూకుని కాల్చినావు."

"ఏటని సెప్పమంతావురా? ఇక్కడ ఊరుకో, అని సెప్పాలా? నీకు తెలుస్తాదనుకున్నాను. నీ తమ్ముడు గదా."

రమేష్‌బాబు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నిన్న నూట యాభై మంది ముందు పోని పరువు అతనికి ఇప్పుడు పోయింది. ఎవరూ చూడని చోట.

అనూరాధ మావ చెయ్యి పట్టుకోవాలనుకుంది. పట్టుకోలేకపోయింది. దసరా నుంచి ఇప్పటిదాకా ఆయనకి అన్నం వడ్డించిన ప్రతి పూటా తన మనసులో ఉన్న చలి గుర్తొచ్చింది. ఆయనకి ఆ సంగతి తెలుసో తెలీదో. తెలిస్తే ఎలా క్షమించమనాలి? తెలియకపోతే ఎందుకు చెప్పాలి?

"నిప్పెట్టు పెద్దోడా," అన్నాడు అప్పలసూరి, దుప్పటి తోసి లేస్తూ. "సిన్న గొయ్యి సాలు. ఫోను సూరికి సరిగ్గా నేర్పుదుం. మంగళారం నాటికి నాను లెగుస్తానో నేదో."

"నాన్నా, జొరం..."

"నిప్పు కాడ జొరమేటిరా."

*

పెరట్లో మూరెడు గోయి. చింత కట్టెలు మండి, కూలి, నిప్పులై, బూడిద పట్టేసరికి మూడు దాటింది. దుర్గాభవాని తాటాకు విసనకర్ర పట్టుకుని కూర్చుంది. దాలమ్మ గుమ్మం దాటలేదు.

అనూరాధ ఫోను గోయి పక్కన రాయి మీద పెట్టింది. రికార్డు నొక్కింది.

"మౌనాన్ని ఎలగ రాస్తావు అందులో?" అడిగాడు రమేష్‌బాబు. పొద్దున్నటి కోపం అతని గొంతులో లేదు. "ఊరుకో అని రాస్తే ఎవుడెంతసేపు ఊరుకుంతాడో ఎవుడికి తెలుసు? ఒకడు ఈడియో సూసుకుంతాడు."

"మన పనోడు శివాజీ గాడైతే బీడీ ముట్టించుకుని వస్తాడు," అంది దుర్గాభవాని. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

"పేరుండాల," అన్నాడు అప్పలసూరి. ఆయన నిప్పుల వైపే చూస్తున్నాడు. "సోటు కాళీగుంటే యంత్రానికి తెలీదు, రేపటోడికీ తెలీదు. నాలుగు పేర్లుండాల. ఆడిది అనకూడదు." గొంతు సవరించుకున్నాడు. "నీ పేరెట్టు అమ్మా."

అనూరాధకి వెంటనే అర్థం కాలేదు.

"నీ పేరు. ఆడి సోట్లో. దాలమ్మా, రమేసూ, అనూరాధా, రాజకుమారీ. సరిపోతాది. నీది కూడా అంతే పొడుగుంటాది, నింపాదిగా అంటే."

"బాగున్నాది నాన్నా," అన్నాడు రమేష్‌బాబు గబగబా. "అలగే సేద్దుం. నరసింగరావుకి నానే సెప్తాను. తీసెయ్యక్కర్నేదు ఫోను. అనూరాధా, ఇన్నావా? తీసెయ్యక్కర్నేదు."

దుర్గాభవాని విసనకర్ర ఆపింది. పన్నెండేళ్ళ కాపురంలో తనకి దొరకని చోటు అది. ఆమె మొహంలో అసూయ లేదు. పోయినవాడి చోట్లో బతికున్న మనిషి పేరా అన్న భయం ఉంది.

పొద్దున్నంతా అనూరాధ కోరుకున్నది ఇదే. ఫోను సూరి ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో తనకో కారణం ఉంటుంది. ఇప్పుడు కారణం కాదు, చోటే ఇస్తున్నారు. నిప్పు దగ్గర, పేర్ల వరసలో, కన్నబిడ్డల మధ్య. ఏ కోడలికీ ఇవ్వనిది. కృతజ్ఞతతో వంగాల్సిన నడుం వంగలేదు. ఆయన తన గుండెలో కొడుకు కోసం తవ్వుకున్న గోయిలోకి ఆమెని దిగమంటున్నట్టుంది.

"నా పేరు పెడితే," అంది, "ఆయన ఎక్కడుంటారు మావా?"

అప్పలసూరి తల ఎత్తాడు. జ్వరం కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాడమ్మా?"

"మీరు ఆగినచోట."

ముసలాయన నిప్పుల వైపు తిరిగాడు. "ఆగలేకపోతన్నాను," అన్నాడు. "అది నీకు తెల్దు. ఆగినప్పుడల్లా పేరు నోటిదాకా వస్తాది. మింగతాను. నిప్పు సెగ కన్నా అదే ఎక్కువ కాల్తన్నాది. నాను ఇంక మింగలేను తల్లీ. ఆ సోట్లో ఏదో ఒకటి పెట్టు. నీది పెట్టు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. అరచెయ్యి తెరిచి, నిప్పుల మీద జానెడు ఎత్తున పెట్టాడు. ఫోను మీద ఎర్రచుక్క వెలుగుతోంది.

"దాలమ్మా," అన్నాడు.

గుమ్మంలో దాలమ్మ కదిలింది.

"రమేసూ."

ఆగాడు.

ఒక ఊపిరి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చింది. పేరంత మౌనం పూర్తయింది. రాజకుమారి అనాల్సిన వేళ దాటింది. ఆయన అనలేదు. అనూరాధ వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ పెట్టుకున్న మౌనం కాదిది. ఈసారి ఆయన కొలవడం లేదు. అడుగుతున్నాడు.

"నాన్నా, సెయ్యి తియ్యి," అన్నాడు రమేష్‌బాబు.

ఆయన తియ్యలేదు. వేళ్ళ మధ్యనించి సెగ వణుకుతూ పైకి వస్తోంది. అరచెయ్యి అంచు ఎర్రబారింది.

తన పేరు అంటే వినోద్ ఆ వరసలోంచి పోతాడు. వినోద్ పేరు అంటే, ఎక్కడో దారిలో ఉన్నవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. తను నమ్మదు. నమ్మనని అనుకుంటుంది. కాని వెనక్కి తిరిగే ఆ మొహాన్ని తలుచుకోగానే, చూడు, ఒక్కసారి చూడు అని తనలో ఎవరో అరుస్తున్నారు.

"నాన్నా!" రమేష్‌బాబు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి చెయ్యి ఇనుప చువ్వలా బిగుసుకుని ఉంది.

"ఏదో ఒక పేరు అనేయే తల్లీ!" దాలమ్మ గుమ్మం దాటి వచ్చేసింది. "ఎవులిదో ఒకలిది అనేయ్. ఆయన సెయ్యి కాలిపోతన్నాది!"

అనూరాధ నోరు తెరిచింది.